మెడలో వేలాడే పేరు

మా ఇంట్లో పుస్తకాల బీరువా కింది సొరుగులో ఒక పెద్ద చిక్కుముడి ఉంది. ఇన్నేళ్ళుగా నేను వెళ్ళివచ్చిన సాహిత్యసభలూ, సదస్సులూ, ఆత్మీయ సమ్మేళనాలూ నా మెడలో వేసి పంపిన బ్యాడ్జీలన్నీ తమ తమ పట్టీలతో ఒకదాన్నొకటి పెనవేసుకుని అందులో పడి ఉన్నాయి. మొన్నొక ఆదివారం ఆ ముడి విప్పుదామని కూర్చున్నాను. విప్పుతూ విప్పుతూ ఒక్కొక్కదాన్నీ పరికించి చూశాను. సంస్థ ముద్ర అంగుళం మేర. సభ పేరు రెండు వరుసల్లో. విరాళమిచ్చిన దుకాణాల గుర్తులు వరుసగా నాలుగు. ఒకదాని మీద అధ్యక్షులవారి ఛాయాచిత్రం కూడా. ఇక అట్టడుగున, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలలో నా పేరు. రెండింటి మీద ఆ పేరు కూడా తప్పే.

మెడలో వేసుకున్నది నేను. పేరు మాత్రం వాళ్ళది. "పేరు గొప్ప ఊరు దిబ్బ" అనే సామెతను ఇక్కడ తిరగేసి చెప్పుకోవాలి కాబోలు.

ఇంత చిన్న వస్తువు గురించి ఇంత ఆలోచనా అని మీరు నవ్వవచ్చు. నేనూ ఒకప్పుడు నవ్వేవాణ్ణే. ఆ నవ్వు ఎలా ఆగిపోయిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఒంటిమీద బిళ్ళ ధరించడం మనకు కొత్త కాదు. కచేరీలలో డవాలు బంట్రోతు ఉండేవాడు. భుజం మీదుగా వాలిన పట్టీకి మిలమిలలాడే ఇత్తడి బిళ్ళ ఉండేది. ఆ బిళ్ళ మీద ఉన్నది కచేరీ పేరే గాని బంట్రోతు పేరు కాదు. అతడు మారినా బిళ్ళ మారదు. రైల్వేస్టేషన్లో ఎర్రచొక్కా కూలీ జబ్బకు కట్టుకునే ఇత్తడి బిళ్ళ మీద అంకె ఉంటుంది, మనిషి పేరుండదు. అంటే బిళ్ళ అనేది ఆదినుంచీ "ఇతడు ఫలానావారి మనిషి" అని చాటేందుకు పుట్టిందే తప్ప "ఇతడు ఫలానా" అని చెప్పేందుకు పుట్టలేదు. మన సభల బ్యాడ్జీలు నేటికీ ఆ డవాలు సంప్రదాయంలోనే నడుస్తున్నాయని నా అభియోగం.

నిజానికి సభలో బ్యాడ్జీకి ఉన్న పని ఒక్కటే. ముక్కూమొగం తెలియని ఇద్దరు ఎదురుపడ్డప్పుడు, "తమరెవరండీ?" అని అడిగే ఇబ్బంది లేకుండా, ఒకరినొకరు పేరుపెట్టి పలకరించుకోగలగాలి. ఆ పని చేసిందా లేదా అన్నదే దానికి పరీక్ష. తక్కినవన్నీ అలంకారాలు.

కొన్నేళ్ళ కిందట ఒక ఒకరోజు కథకుల సమావేశానికి బ్యాడ్జీలు తయారుచేసే పని నాకు అప్పగించారు. సుమారు నూట ఇరవైమంది. కంప్యూటరు వచ్చినవాడినని నాకొక పేరుండేది, అందుకని. వచ్చిన పట్టికను యథాతథంగా తీసుకున్నాను. ఎక్కడైనా పేరు విరిగితే అతికించాను, ముద్దుగా ఒక అంచు గీశాను, అచ్చుకిచ్చాను. సభనాటి ఉదయం బల్ల మీద అక్షరక్రమంలో పరిచి పెడితే అందరూ "బాగున్నాయండీ" అన్నారు. నేనూ మురిసిపోయాను.

మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరు యువతులు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళు ఒక కథారచయిత్రి కోసం జిల్లా దాటి వచ్చారట. ఆవిడ కథల సంపుటి ఇప్పుడు దొరకదు. దాని జిరాక్సు ప్రతిని అట్టవేసి తెచ్చుకున్నారు, సంతకం కోసం. ఉదయంనుంచీ అందరి బ్యాడ్జీలూ చదువుకుంటూ తిరుగుతున్నా ఆవిడ కనిపించలేదని వాళ్ళ బాధ. నేనూ ఆవిడను చూడలేదు. "వస్తామన్నారు గాని, వచ్చినట్టు లేదమ్మా" అన్నాను.

మా పక్కనే, వరుసలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ నా వైపు తిరిగారు. ఆవిడ మెడలో నేను చేసిన బ్యాడ్జీయే ఉంది. దాని మీద "శ్రీమతి" అని, ఆ పక్కన ఒక పురుషుడి పేరు. నమోదు పత్రం నింపిందీ, రుసుము కట్టిందీ వారి భర్తగారు. పట్టికలో ఎలా ఉందో అలాగే నేను అచ్చువేయించాను. ఆవిడ పళ్ళెం పక్కన పెట్టి, బ్యాడ్జీని తిరగేసి చూశారు. వెనక తెల్లగా ఉంది. "పెన్నుందా బాబూ?" అన్నారు. ఇచ్చాను. తెల్లవైపున గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసుకుని, ఆ వైపే కనిపించేలా సర్దుకుని, ఆ పిల్లలవైపు తిరిగి "నేనేనమ్మా" అన్నారు.

ఆవిడ నన్నొక్క మాట అనలేదు. పైగా, "మీ తప్పేముంది లెండి, ఫారం ఆయన నింపారుగా" అన్నారు. కాని తప్పు నాదేనని నాకు తెలుసు. ముప్ఫయ్యేళ్ళపాటు రాసి సంపాదించుకున్న పేరును, ఆ పేరు తెలిసినవాళ్ళే గుమిగూడిన ఒకే ఒక్క గదిలో, నేను నా చేత్తో దాచిపెట్టాను. నా అందమైన అంచు, నా అక్షరక్రమం దాన్ని కాపాడలేదు.

నాటినుంచీ ఈ పని ఎక్కడ తగిలినా వదలకుండా చేస్తున్నాను. చేసేకొద్దీ అర్థమైనదేమంటే, అచ్చు సంగతి తరవాత. అసలు చిక్కు ఏ పేరు వేయాలన్న దగ్గరే ఉంది.

తెలుగువాళ్ళ పేర్ల వ్యవహారం చూడండి. ఆరుద్ర ఒక సభకు వస్తున్నారనుకుందాం. పట్టికలో చూసి "భాగవతుల సదాశివశంకరశాస్త్రి" అని రాసిపెడితే ఎందరు గుర్తుపడతారు? శ్రీశ్రీకి "ఎస్. శ్రీనివాసరావు" అని తగిలిస్తే ఏ గుమాస్తాగారో అనుకుని పక్కకు జరుగుతారు. పోనీ, అసలు పేరు పెద్దగానూ ఇంటిపేరు చిన్నగానూ వేయాలని సూత్రం పెట్టుకుందామా? చలానికి అది సరిపోతుంది. దాశరథికీ విశ్వనాథకూ సరిపోదు. వాళ్ళు లోకానికి ఇంటిపేరుతోనే పరిచితులు. కొడవటిగంటి కుటుంబరావు కొకు అయ్యారు, రాచమల్లు రామచంద్రారెడ్డి రారా అయ్యారు. వారి విషయంలో పొడి అక్షరాలే పేరు. ఇక బీనాదేవి అనే పేరుతో రాసినది భార్యాభర్తలిద్దరూ కలిసి. వారికి ఒక బ్యాడ్జీ ఇవ్వాలా, రెండా?

కనుక సూత్రం ఏదీ పనిచేయదు. పనిచేసేది ఒక్కటే: అడగడం. నమోదు పత్రంలో "పేరు" అనే గడి కింద మరొక గడి పెట్టండి. "సభలో మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలి? తెలుగులో రాయండి" అని. ఈ ఒక్క వాక్యం సగం కష్టాలు తీరుస్తుంది. మగవాడు రుసుము కట్టినా, ఆ గడిని ఎవరికి వారే నింపాలని కోరండి.

ఇంటిపేరు విషయంలో మరొక ముల్లు ఉంది, దాన్ని దాచి మాట్లాడటం నాకిష్టం లేదు. మన దగ్గర ఇంటిపేరూ, పేరు చివరి తోకా చూడగానే మనిషి కులం లెక్కగట్టే చూపులు ఉన్నాయి. అవి లేవని బుకాయిస్తే అది అబద్ధమే. బ్యాడ్జీ వైపు వంగి చదివి, "అంటే మీరు ఫలానా ఊరి ఫలానావాళ్ళా?" అని ఆరాతీసి, ఆ తరవాత గాని కథ గురించి మాట్లాడనివాళ్ళను నేను చూశాను. ఆ ప్రశ్న కొందరికి చుట్టరికం కలిపే ముచ్చట. మరికొందరికి అక్కడికక్కడే గీత గీసి నిలబెట్టే పద్ధతి. ఇంటిపేరును పెద్ద అక్షరాల్లో వేయడం నిర్వాహకుడికి అలవాటు కావచ్చు. ధరించేవాడికి అది పరీక్ష కాకూడదు. ఇంటిపేరు వేయించుకోవాలో వద్దో ఎవరికి వారు తేల్చుకునే వీలుండాలి. "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు" అని మన పూర్వులే అన్నారు గదా; ఇంటిపేరుతో మనిషిని తూచవద్దని వాళ్ళకూ తెలుసు.

"శ్రీ", "శ్రీమతి", "కుమారి" అనేవాటిని కూడా నేను తీసేస్తాను. మగవాడికి పెళ్ళయినా కాకపోయినా "శ్రీ" ఒక్కటే. ఆడవారికి మాత్రం ఆ వివరం మెడలో వేలాడదీయాలా? మర్యాద కోసమే అంటారా, మర్యాద మన నోట్లో ఉన్న "గారు"లో ఉంది. ఆచార్య, డాక్టరు వగైరాలను అడిగినవారికి వేద్దాం, చిన్న అక్షరాల్లో. కథ చెప్పడానికి వచ్చినచోట డిగ్రీ ముందు నడవనక్కర్లేదు.

ఇక లిపి. తెలుగు సభలో తెలుగువాడి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎందుకుంటుందో నాకు నేటికీ బోధపడలేదు. భాషాభిమానం సంగతి అటుంచి, సౌకర్యం కోసమే చూసినా అది తప్పే. ఇంగ్లీషులో రాస్తే రమ, రామ ఒక్కటే. వాణి, వాని ఒక్కటే. కాళి, కాలి ఒక్కటే. పేరు తప్పు పలికించడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. అయితే ఒక ఆక్షేపణను నేను మన్నిస్తాను. ప్రవాసుల పిల్లలకు తెలుగు మాట వచ్చును, అక్షరం రాకపోవచ్చు. తమిళనాడులో తమిళ లిపిలోనూ, కర్ణాటకలో కన్నడ లిపిలోనూ చదువుకున్న తెలుగువాళ్ళున్నారు. వాళ్ళను బయట నిలబెట్టే తెలుగుదనం నాకూ వద్దు. కాబట్టి పైన తెలుగులో పెద్దగా, కింద ఇంగ్లీషులో చిన్నగా. ఇందులో ఎవరికీ నష్టం లేదు. సంస్థ ముద్రకు మాత్రం చోటు కొంత తగ్గుతుంది.

అచ్చు దగ్గరికి వద్దాం. ఇక్కడ మన లిపి స్వభావం తెలియకపోతే మనుషుల పేర్లే మారిపోతాయి. ఇంగ్లీషు అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది. తెలుగక్షరం అలా కాదు. పైన గుడులూ కొమ్ములూ, కింద వత్తులూ. ఇంగ్లీషు కోసం గీసిన గడిలో తెలుగు పేరు పోస్తే వత్తులు తెగుతాయి. మల్లన్న మలన అవుతాడు. రామమూర్తి రామమూరి అవుతాడు. వరుసకూ వరుసకూ మధ్య ఎడం ఇంగ్లీషుకు ఇచ్చేదానికి ఒకటిన్నర రెట్లు ఉంచాలి. పైగా ఈ హంగులకు చోటివ్వాలి గనక అదే పాయింట్ల కొలతలో తెలుగక్షరం ఒళ్ళు చిన్నదిగా కనిపిస్తుంది. అందుచేత ఇంగ్లీషు 28 పాయింట్లుంటే తెలుగు 40 అయినా ఉండాలి. ఆరడుగుల దూరాన నిలబడి, కళ్ళజోడు తీసి చదవగలిగితే చాలినట్టు. సన్నగీతల ఫాంట్లు అందంగా ఉంటాయి గాని దూరానికి ఆనవు. రామభద్ర వంటి బొద్దు అక్షరాలు మేలు. అవి ఉచితంగానే దొరుకుతున్నాయి.

మరొక సూక్ష్మం. "రాజ్‌కుమార్" అని రాయాలంటే జకారానికీ కకారానికీ మధ్య కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు ఉండాలి. యూనికోడ్‌లో దానికి 200సి అని సంకేతం. పట్టిక ఒక చోటినుంచి మరొక చోటికి మారేటప్పుడు ఆ గుర్తు రాలిపోయిందంటే, ఆయన "రాజ్కుమార్" అయి కూర్చుంటాడు. అలాగే "శ్రీనివాస్‌రావు" కాస్తా "శ్రీనివాస్రావు". పట్టికను యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచకపోతే అసలు అక్షరాలే ఉండవు, వరుసగా ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఊళ్ళలో చాలా డీటీపీ దుకాణాలు 2001లో ఆఖరి కూర్పు వచ్చిన పేజ్‌మేకర్‌తో ఏళ్ళ తరబడి పని నడిపించాయి. దానికి యూనికోడ్ తెలియదు. అలాంటిచోట మీరిచ్చిన జాబితాను మళ్ళీ మొదటినుంచి కొట్టవలసిందే, కొత్త తప్పులు దొర్లవలసిందే. కనుక దుకాణానికి జాబితా ఇవ్వకండి. ఇంట్లోనే పేజీలు కూర్చి, పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌ను ఒక్కొక్క పేరూ పైకి చదువుతూ సరిచూసి, అప్పుడు ఇవ్వండి. ఈ సరిచూడటం ఇద్దరు చేయాలి. ఒకరు పట్టిక చదవాలి, ఒకరు బ్యాడ్జీ చూడాలి. నూట ఇరవై పేర్లకు అరగంట చాలు.

పొడుగు పేర్లు పట్టలేదని యంత్రం తనంతట తానే వాటిని కుదించేస్తుంది. అలా వదిలేస్తే రవి ఆకాశమంత, వెంకటసుబ్రహ్మణ్యేశ్వరరావు ఆవగింజంత కనిపిస్తారు. ముందు అన్నిటికంటే పొడుగు పేరును తీసుకుని, దాన్ని "వెంకట" దగ్గర విరిచి రెండు వరుసలు చేసి, అది సరిపోయే కొలతను అందరికీ ఖాయం చేయండి. ఎక్కడ విరవాలో మనిషే చూడాలి. యంత్రానికి సమాసం తెలియదు.

కాగితం సంగతి పొట్టిగా చెప్తాను. బ్యాంకు కార్డంత బ్యాడ్జీ చాలదు; నాలుగంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు ఉంటే బాగుంటుంది. మెరుగు లామినేషన్ వద్దు: సభలో దీపాలు దాని మీద పడి అక్షరం కనిపించదు, పైగా తప్పు దొరికితే దాని మీద కలంతో దిద్దలేం. మందపాటి కాగితాన్ని ఉత్త సంచీలో పెట్టండి. ఒకే కొక్కేనికి వేలాడేది గిర్రున తిరిగి ఎప్పుడూ వెనకవైపే చూపిస్తుంది. అందుకని రెండువైపులా పేరుండాలి. పిన్నీసు పట్టుచీరను చింపుతుంది, చొక్కా జేబుకు పెట్టే క్లిప్పుకు జేబులేని దుస్తుల్లో ఆధారం ఉండదు. అయస్కాంతపు బ్యాడ్జీలు గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి మంచివి కావు. పెద్దవయసువారు వచ్చే మన సభల్లో ఇది మరిచిపోరాదు. మెడపట్టీయే మనకు నయం, కాని దాని పొడుగు తగ్గించాలి. కరచాలనం చేసే దేశాల్లో బ్యాడ్జీ కుడి భుజం దగ్గర పెట్టుకోమంటారు, చేయి చాచినప్పుడు చూపు అటే పోతుందని. మనం నమస్కరిస్తాం. జోడించిన చేతులు ఛాతీకి అడ్డం వస్తాయి. బ్యాడ్జీ బొడ్డు దగ్గర వేలాడుతుంటే ఎదుటివారు తల దించుకుని పొట్ట చదవాలి. చేతులకు కాస్త పైగా, కంఠానికి కాస్త దిగువగా అది నిలవాలి. నలభై ఖాళీ కార్డులూ రెండు లావుపాటి కలాలూ బల్ల మీద ఎప్పుడూ ఉండాలి. చేతిరాత బ్యాడ్జీ అవమానమేమీ కాదు. ఆ పెద్దావిడ మెడలో ఆ రోజు నేను చూసిన వాటిలోకెల్లా నిజమైన బ్యాడ్జీ అదే.

చివరిగా, బ్యాడ్జీ లేనివాళ్ళ గురించి. విశిష్ట అతిథికి బంగారు రంగు, వక్తకు ఎరుపు, ప్రతినిధికి నీలం అని రంగులు పంచుతాం. మరి పొద్దున్న ఐదింటికి వచ్చి కుర్చీలు వేసినవారు, మైకు సరిచేసినవారు, కాఫీ అందించినవారు? వాళ్ళ మెడలో ఏమీ ఉండదు. ఉంటే "సిబ్బంది" అని ఉంటుంది. మళ్ళీ అదే డవాలు. రోజంతా వాళ్ళను "ఇదుగో", "బాబూ", "ఏమయ్యా" అని పిలుస్తాం. మనిషి గౌరవం గురించి వేదిక మీద మూడు గంటలు మాట్లాడి, కింద ఒక మనిషి పేరు కనుక్కోకుండా ఇంటికి పోతాం. వాళ్ళందరికీ పేర్లు వేయించడానికి అదనంగా అయ్యేది ఇరవై కార్డుల ఖర్చు. నేను చేసిన చివరి రెండు సభల్లో ఆ పని చేశాను. ముందుగా వెళ్ళి అడిగితే కొందరు మొహమాటపడ్డారు, ఒకాయన "నాకెందుకు సారూ" అన్నాడు. వద్దన్నవారిని బలవంతపెట్టలేదు, పేరు చెప్పకపోవడం కూడా మనిషి హక్కే. పెట్టుకున్నవారిని మాత్రం మధ్యాహ్నానికల్లా జనం పేరుపెట్టి పిలవడం విన్నాను. అంతకు మించి ఏదో విప్లవం వచ్చిందని చెప్పను.

"పదిమంది కూర్చునే చోట ఇవన్నీ దేనికి?" అంటారు కొందరు మిత్రులు. పదిమందే అయితే నిజంగానే అక్కర్లేదు. ఒకరి తరవాత ఒకరు పేరు చెప్పుకుంటే సరిపోతుంది. నా మాటంతా ముఖాలు గుర్తుండని సభల గురించి. అక్కడ పేరు పెద్దగా ఉండాలి, సొంతదార్లు కోరిన పేరై ఉండాలి, మన అక్షరాల్లో ఉండాలి, అందరికీ ఉండాలి. సంస్థ ముద్ర వెనకవైపు ఒక మూలన ఉంటే దానికొచ్చిన లోటు లేదు. అది ఎలాగూ వేదిక వెనక బ్యానరు మీద ఇరవై అడుగుల మేర ఉంటుంది.

ఆ సొరుగులోని బ్యాడ్జీలను ఎట్టకేలకు విడదీశాను. పట్టీలు మళ్ళీ పనికొస్తాయి. చుట్టచుట్టి పక్కన పెట్టాను. కార్డులు చాలావరకు పాత కాగితాల్లోకి పోయాయి. ఒక్కటి మాత్రం దాచుకున్నాను. ఆ రోజు సభ ముగిశాక, వెళ్తూ వెళ్తూ ఆ పెద్దావిడ తన బ్యాడ్జీని బల్ల మీద తిరిగి ఇచ్చేశారు. నేను దాన్ని తీసిపెట్టుకున్నాను. దానికి ఒకవైపు నేను అచ్చువేయించినదీ, మరొకవైపు ఆవిడ రాసుకున్నదీ ఉన్నాయి. కొత్త పట్టిక చేతికి వచ్చినప్పుడల్లా, పని మొదలుపెట్టే ముందు దాన్ని ఒకసారి తిరగేసి చూసుకుంటాను.